ఆకుపసరును, సూదిమందును

పెద్దలారా, మర్రిగూడ వంటి పల్లెలలో కొడవలి గాటునకు పసుపు అద్దుటయు, పండ్లు తోముటకు వేపపుల్ల విరుచుటయు తరతరముల వాడుక. ఇది వట్టి మూఢాచారమని కొందరును, ఇదియుండగా సూదిమందేల యని కొందరును వాదింతురు. చరిత్ర చూచినచో రెండు వాదములును నిలువవు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు స్ప్రూ యను గ్రహణివ్యాధికి బలియైరి. ఆయనకును అది సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే స్వస్థుడయ్యెనని జీవితకథకులు వ్రాసిరి. మదరాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన యీ వైద్యుడు 1923లో అమెరికా చేరెను. ఆయన ఆధ్వర్యమున లెడర్లీ పరిశోధనాలయమున డగ్గర్ పండితుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి సాధించిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ మందులలో అదియే మొదటిది. ఆ జాతి మందులును, సుబ్బారావుగారి బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమును పిమ్మట ఆ స్ప్రూ వ్యాధికే చికిత్సలైనవి.

ఇక పసుపు మాట. దాని రంగుపదార్థమగు కర్కుమిన్‌ను 1815లో వేరుచేసిరి. అది సెగగడ్డలు పుట్టించు సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపునని 1949లో ప్రకటించిరి. వెల్లుల్లిలోని అల్లిసిన్‌కును అట్టి గుణము కలదని 1944లోనే తేలినది. అయితే గాజుపాత్రలో సూక్ష్మజీవిని ఆపుట వేరు, రోగి రక్తములో ఆపుట వేరు. మ్రింగిన కర్కుమిన్ రక్తమున మిక్కిలి స్వల్పముగనే చేరును. అల్లిసిన్ శరీరమున నిలువదు. కావున ఇవి ఊపిరితిత్తుల జ్వరమునకు మందులు కాలేదు.

మరి మొక్కలను త్రోసివేయవలెనా? వలదు. కొన్ని సూక్ష్మజీవులు లోనికి వచ్చిన మందును వెలికి తోడివేయును. దారుహరిద్ర జాతి పొదలు బెర్బెరిన్ అను విషముతోపాటు, ఆ తోడుటను అడ్డగించు మరియొక పదార్థమును గూడ చేయుచున్నవని 2000లో కనుగొనిరి. ఒంటి మందు ఓడిన చోట జంట గెలుచునన్నమాట. మందులకు లొంగని సూక్ష్మజీవులు ప్రబలుచున్న యీ కాలమున ఇది విలువైన పాఠము.

ఇంట మీ మాట చెల్లును. చిన్న గాటును శుభ్రముగా కడిగి పసుపు అద్దుకొనుడు. జ్వరము, చీము, ఆయాసము కనిపించినచో పసరుతో ప్రొద్దు పుచ్చక వైద్యుని చేరుడు. ఆయన యిచ్చిన మందును నడుమ మానకుడు, మిగిలినదానిని ఇతరులకు పంచకుడు. సుబ్బారావుగారు ఇరుచికిత్సల మేలును ఎరిగినవారు. మనకును ఆ వివేకమే రక్ష.