శ్రుతి ఎవరి మాట వింటుంది?

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మనవారి మాట. అంతటి శ్రుతికి కూడా కాలాన్నిబట్టి హెచ్చుతగ్గులుంటాయా అని ఒక పూర్వవిద్యార్థి నన్నడిగాడు. ఉంటాయి నాయనా, ఉంటాయి.

మా కోనసీమ తీర్థాలలో పద్యనాటకాలు చూచినవారికిది అనుభవమే. మైకు లేని రోజుల్లో కడపటి చాపమీద కూర్చున్నవానికి సైతం పద్యం వినబడాలి. అందుకని నటుడు హెచ్చు శ్రుతి పట్టేవాడు. ఆ శ్రుతిని ఒకటిన్నర, నాలుగు, ఐదు అని హార్మోనియం మెట్లతో లెక్కించేవారు. ఆ పెట్టె 1842లో పారిస్‌లో పేటెంటు పొందినది. తొలినాళ్ళలో దాని రేకులు కూడా ఐరోపానుండి వచ్చినవే. కనుక అక్కడి శ్రుతి చరిత్ర మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఐరోపాలో ఒకప్పుడు ఊరికొక శ్రుతి. పంతొమ్మిదవ శతాబ్దంలో సభామందిరాలు పెద్దవైనాయి. శ్రుతి పెంచితే తంత్రులు బిగిసి నాదం మెరుపెక్కుతుంది. ఒక వాద్యబృందాన్ని చూచి మరొకటి పెంచింది. తంత్రి తెగితే వేరొకటి కట్టుకోవచ్చు, గొంతు చెడితే ఏమి చేయగలం? గాయకులు మొరపెట్టుకున్నారు. రోసిని, బెర్లియోజ్ వంటివారున్న సంఘం విచారించగా, 1859లో ఫ్రెంచి ప్రభుత్వం ‘ఎ’ స్వరానికి సెకనుకు 435 కంపనాలని శాసించింది. 1885లో వియన్నా సమావేశం దానినే ఆమోదించింది. అయినా ఇంగ్లండులో శ్రుతి 452 దాకా పోయింది. 1939లో లండన్ సమావేశం 440 అని నిర్ణయించింది. 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దానిని స్వీకరించింది. నేటికీ 442, 443 పట్టే బృందాలున్నాయి. ప్రాచీన సంగీతం వాయించేవారు 415కు దిగుతారు.

మన దక్షిణాదిలో నాదస్వరం దారి వేరు. పొట్టిదైన తిమిరి హెచ్చు శ్రుతిది, పొడవైన బారి తగ్గు శ్రుతిది. రాజరత్నం పిళ్ళై బారికి ప్రాచుర్యం తెచ్చారు. మైకు వచ్చాక అంత గట్టిగా వినిపించవలసిన అవసరమూ తగ్గింది. పద్యనాటకం మాత్రం హెచ్చు శ్రుతిని విడువలేదు. మైకు ముందు నిలిచి కూడా నటుడు కంఠనాళాలు ఉబ్బేలా రాగం తీస్తేనే జనం ‘వన్స్‌మోర్’ అంటారు. అవసరం తీరినా చెవికి పట్టిన రుచి పోదు.

ఆ రుచి నాకూ ఉండేది. పూర్వం ఒక పోటీకై గొంతు మారుతున్న కుర్రవానిచేత ఐదు శ్రుతిలో పద్యాలు సాధన చేయించాను. తగ్గు శ్రుతి చాలు మాస్టారూ అని వాడు బతిమాలినా వినలేదు. బహుమతి వచ్చింది. వాని గొంతు బొంగురుపోయింది, మునుపటిలా తేరుకోలేదు. నన్నీ ప్రశ్న అడిగినవాడు వాడే.

శ్రుతి వాద్యం మాట వింటుంది, సభ మాట వింటుంది, శాసనం మాట కొంత వింటుంది. గొంతు మాట వినవలసినది మాత్రం మనమే. పిల్లలకు పద్యం నేర్పే మిత్రులు ముందుగా వారి శ్రుతి ఏదో కనుక్కొని, ఆ తరువాతే పెట్టె తెరవమని నా మనవి.