ఇంజన్ ఆయిల్ చిక్కదనం

చిక్కదనం అంటే ఇంజన్ ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో తెలిపే గుణం. ఎస్‌ఏఈ జె300 ప్రమాణం దీన్ని గ్రేడ్లుగా విభజించింది. 15డబ్ల్యూ-40లో 15డబ్ల్యూ చలిలో పారే తీరును, 40 అనేది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కదనాన్ని (12.5–16.3 సెంటీస్టోక్స్) సూచిస్తాయి. కర్నూలు, కడప ప్రాంతాల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో గడ్డకట్టే చలి ఉండదు. అందుకే ఇక్కడ రెండో సంఖ్యకే ప్రాధాన్యం ఎక్కువ. బేతంచెర్ల నాపరాళ్లు, కర్నూలు ఉల్లి వంటి బరువులు మోసే పాత డీజిల్ పికప్‌లకు సాధారణంగా 15డబ్ల్యూ-40 వాడతారు. 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంజన్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్నవాటికి తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాలి. ఆయిల్ మరీ చిక్కనైతే డీజిల్ ఖర్చు పెరుగుతుంది. మరీ పలచనైతే బేరింగులు అరుగుతాయి. గ్రేడ్ ఎంపికకు తయారీదారు మాన్యువలే ప్రామాణికం.