కొడవలికణ రక్తహీనత: నిర్ధారణ పరీక్షలు

గుండ్రనివై, మెత్తనివై, సూక్ష్మకేశనాళికలలో సైతము వంగి జాఱిపోవలసిన ఎఱ్ఱ రక్తకణములు, జన్యుదోషము వలన ప్రాణవాయువు తగ్గినచోట బిగుసుకొని కొడవలి యాకృతిని దాల్చి, నాళములను అడ్డగించి, దుస్సహమైన నొప్పులను, రక్తహీనతను, ప్లీహము మూత్రపిండములు మొదలగు అవయవములకు హానిని కలిగించు వంశానుగత వ్యాధి కొడవలికణ రక్తహీనత. ఆసుపత్రులలోను, గ్రామములలోను దీనిని సికిల్ సెల్ అనియే వ్యవహరింతురు.

ఈ కణములను మొదట వర్ణించినవాడు చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ (1910). లైనస్ పాలింగ్, అతని సహచరులు 1949 లో రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రమున భిన్నరీతిని చలించుటను చూపి, వ్యాధికి మూలము ఒక అణువునందే కలదని నిరూపించిరి. పిదప వెర్నన్ ఇంగ్రామ్, హీమోగ్లోబిన్ బీటా గొలుసులోని ఆఱవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు మాఱుగా వాలీన్ చేరుటయే ఆ దోషమని తేల్చెను. భారతదేశమున 1952 లో నీలగిరి గిరిజనులయందు ఇది గుర్తింపబడినది. మధ్యభారతపు అరణ్యప్రాంతములయందే గాక, తెలుగునేలపై పాడేరు, భద్రాచలము, ఉట్నూరు ఏజెన్సీలలోను ఈ వ్యాధి కలదు.

పరీక్షల యావశ్యకత ముఖ్యముగా వాహకుల వలన ఏర్పడుచున్నది. దోషజన్యువు తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే సంక్రమించినవాడు ఆరోగ్యవంతుడై పొలము దున్నును, బరువులు మోయును. అతనిని చూచి గాని, నాడి పట్టి గాని ఎవ్వరును కనిపెట్టజాలరు. అట్టి వాహకులిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునందును శిశువునకు వ్యాధి సంక్రమించు అవకాశము నాల్గవ వంతు.

గ్రామములలో జరుగు ప్రాథమిక పరీక్ష సులభమైనది. సోడియం డైథయొనైట్ కలిపిన ద్రావణములో కొలది రక్తమును వేసి, గాజునాళికను నల్లగీతలు గీసిన కాగితము ముందు నిలుపుదురు: ద్రావణము తేటగా నుండి గీతలు కనబడినచో దోషము లేదనియు, మసకబాఱి గీతలు మఱుగైనచో దోషహీమోగ్లోబిన్ ఉన్నదనియు గ్రహింతురు. అయితే ఈ పరీక్ష రోగిని వాహకునినుండి వేఱుచేయలేదు; గర్భస్థ హీమోగ్లోబిన్ అధికముగా నుండు ఆఱునెలల లోపు పసికందులయందు నమ్మదగినదియు గాదు. కావున ఎలక్ట్రోఫోరెసిస్, హెచ్‌పీఎల్‌సీ వంటి పద్ధతులచే హీమోగ్లోబిన్ రకములను, వాని పాళ్లను నిర్ణయించి తీరవలయును. ఇటీవల రక్తము ఎక్కించుకొన్నవానికి దాత రక్తము కలియుటచే ఈ ఫలితము సైతము తప్పుదారి పట్టించును గనుక, ఆ సంగతిని ముందుగా అడిగి తెలిసికొనుట ప్రయోగశాలవారి విధి. మొదటి పరీక్షతోనే ఒకరికి రోగి యని పేరుపెట్టి పంపుట అన్యాయము.

గడచిన దశాబ్దమున ఈ పరీక్షలకు గిరాకి పెరుగుటకు రాజ్యవ్యవస్థయు కారణమైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము కొడవలికణ వ్యాధిని, తలసీమియాను, హీమోఫిలియాను వైకల్యములలో చేర్చుటచే, ధ్రువపత్రమునకు ప్రయోగశాల నిర్ధారణ ఆధారమైనది. 2023 జూలై 1 న మధ్యప్రదేశములోని శహడోల్‌లో ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమము, నలువదేండ్ల లోపు వయస్సుగల 7 కోట్లమందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ జేయుటను లక్ష్యముగా గైకొన్నది. ఇంతమందిని పరీక్షించునప్పుడు ఫలితమును గోప్యముగా నుంచుట, వాహకత్వము రోగము కాదని ఆ కుటుంబమునకు వారి భాషలోనే విడమరచి చెప్పుట రక్తము తీయుటకంటె తక్కువ పని గాదు. లేనిచో ఆ ఫలితపు చీటీ పెండ్లికాని ఆడపిల్లకు కళంకమగును.

శైశవముననే వ్యాధి బయటపడినచో పెన్సిలిన్‌తోను, టీకాలతోను ప్రాణాంతకములగు అంటురోగములను చాలవఱకు నివారింపవచ్చును; పిదప హైడ్రాక్సీయూరియా గర్భస్థ హీమోగ్లోబిన్‌ను పెంచి నొప్పుల తీవ్రతను తగ్గించును. ఈ మందు వాడువారికి రక్తకణముల లెక్కను నియమితకాలమున చూడవలసియుండుటచే, ఏజెన్సీ ఆరోగ్యకేంద్రములో కణగణన యంత్రము ఏడాది పొడవున పనిచేయుట అత్యవసరము.