అంగన్‌వాడీ ఉప్మా: పదిహేనేళ్ల తరువాత

శామీర్‌పేట దగ్గరి అలియాబాద్‌లోనైనా, మీ ఊళ్లోనైనా అంగన్‌వాడీలో పిల్లలకు పెట్టే ఆహారాన్ని మీరు చూసే ఉంటారు. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అది. దాని ప్రభావం ఎంతకాలం నిలుస్తుంది? 1987–90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలను పరిశీలించింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాలతో చేసిన ఉప్మా అందింది. మిగిలిన 14 గ్రామాలకు పథకం అప్పటికి రాలేదు.

ఆ పిల్లలను 2003–05లో, కౌమారదశలో, మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. శరీరంలో కొవ్వు మాత్రం ఇరువైపులా దాదాపు సమానమే. అయితే మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిరుసు వీరిలో తక్కువ. కేవలం బరువు తూచి ఊరుకుంటే ఈ తేడా బయటపడేదే కాదు. ఒక్కటి గమనించండి: ఈ గ్రామాలను చీటీలు వేసి ఎంచలేదు, పథకం ముందుగా చేరిన ఊళ్లను చేరని ఊళ్లతో పోల్చారు.