56 ఓ డిగ్రీ షీట్

56 ఓ డిగ్రీ షీట్ సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాల వరుసలో 17°–18° ఉత్తర అక్షాంశాలు, 79°–80° తూర్పు రేఖాంశాల నడుమ ప్రాంతాన్ని చూపే పటం. పాలకుర్తి, జనగామ, వరంగల్ కోట ఇందులోవే. 18° రేఖ హనుమకొండ మీదుగా పోవడంతో వేయిస్తంభాల గుడి మాత్రం పై షీటైన 56 ఎన్‌లో పడింది.

ఈ సంఖ్యా విధానం 1905 తర్వాత స్థిరపడింది. అప్పటి డిగ్రీ షీట్‌లో అంగుళానికి నాలుగు మైళ్లు (1:253,440). దాన్ని 15 నిమిషాల చొప్పున 16 భాగాలు చేస్తే అంగుళానికి మైలు (1:63,360) చూపే పటాలు వచ్చేవి. పాలకుర్తి 56 ఓ/6లో ఉంది. సమోన్నతి రేఖలు గోధుమ రంగులో, నీరు నీలంలో, అడవి పచ్చగా, సాగుభూమి పసుపుగా, రైలు మార్గం నల్లగా ఉంటాయి. చెరువులు దట్టంగా ఉన్న ఈ సీమలో నీలి మచ్చలే ముందు కంటపడతాయి.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1,676 మి.మీ. బ్రాడ్‌గేజ్ మార్గం సికింద్రాబాద్ నుంచి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. పటంలో జనగామ, ఘన్‌పూర్, కాజీపేటల మీదుగా సాగే ఆ నల్ల గీత పాలకుర్తిని తాకదు. ఘన్‌పూర్ పేరు ముందు ‘స్టేషన్’ చేరింది ఈ మార్గం వల్లనే. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి. అంతకుముందు సర్వే చేసిన ముద్రణల్లో కాజీపేట వద్ద ఉత్తరపు చీలిక పూర్తి రూపంలో కనిపించదు. పాత ప్రతుల కాలాన్ని అంచనా కట్టడానికి ఇదొక ఆనవాలు.

మెట్రిక్ మానం వచ్చాక మైలు పటాల స్థానాన్ని 1:50,000 పటాలు తీసుకున్నాయి.