అబిడ్స్ ఫుట్‌పాత్ మీద షాడో

ఆదివారం దుకాణాల షట్టర్లు దిగి ఉన్నప్పుడు హైదరాబాద్‌లోని అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరవడం దశాబ్దాల ఆనవాయితీ. దగ్గర్లోనే తిలక్ రోడ్డులో 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా ఆరంభమైన నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, సుల్తాన్ బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నాయి. ఈ సంస్థల చరిత్రను మనం గౌరవంగా రాసుకున్నాం. నిన్నమొన్నటి మామూలు పాఠకుడు దేనికోసం ఎగబడ్డాడో తెలియాలంటే మాత్రం ఫుట్‌పాత్ మీది డిటెక్టివ్ నవలల గుట్టనే అడగాలి. అవీ చారిత్రక పత్రాలే.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ బుద్ధిబలంతో నేరస్థుణ్ణి పట్టేవాడు. 1970లలో మధుబాబు చేతిలో పుట్టిన షాడో దారి వేరు. చట్టాన్ని కాలదన్నినవాడు, ఒంటిచేత్తో శత్రువులను మట్టి కరిపించేవాడు, ఆ తర్వాతే కులకర్ణి అనే అధికారి నడిపే సి.ఐ.బి. గూఢచారి సంస్థలోకి వచ్చినవాడు. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ తర్వాత లేచిన కరాటే గాలికి ఇది నకలేనని కొందరంటారు. దెబ్బల తీరు బయటిదే కావచ్చు, కానీ ఆ సినిమా రాకముందే జపాన్‌లో షిరాతో సాన్పేయి ‘నింజా బుగేచో’ అనే రక్తసిక్తమైన బొమ్మల కథ 1959–62 మధ్య వెలువడింది. దాన్ని ప్రచురించింది అద్దె పుస్తకాల షాపుల కోసమే. మన షాడో కూడా ఊరూరా అద్దె షాపుల్లోనే పెరిగాడు. రోజు అద్దె కట్టి, రేపటికల్లా తిరిగిచ్చేయాల్సిన పాఠకుడికి కథ పరుగెత్తాలి. న్యాయం కోసం కోర్టు మెట్లెక్కే స్తోమత లేనివాడికి అక్కడికక్కడే తీర్పు చెప్పే పిడికిలి కావాలి. కాబట్టి ఈ హింసాత్మక కథానాయకుణ్ణి దిగుమతి సరుకుగా కాక, ఆ చదువరి అవసరం కన్న బిడ్డగా చూడటమే సబబు.

ఇంత హింసను, ఇంత చవకబారు రాతను భద్రపరచడమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ నవలల్లో ఆడవాళ్ల చిత్రణనూ, చంపడాన్ని సాహసంగా చూపే తీరునూ నిలదీయాల్సిందే. అయితే పుస్తకమే లేకపోతే నిలదీసేది దేన్ని? భద్రపరచడమంటే బిరుదివ్వడం కాదు. న్యూస్‌ప్రింటు గోధుమరంగుకు తిరిగి అంచుల్లో పొడిపొడిగా రాలుతోంది, పిన్నులు తుప్పు పడుతున్నాయి. అట్ట లోపల అద్దె షాపు వేసిన రబ్బరు స్టాంపు కూడా చరిత్రే. ఆ పుస్తకం ఏ ఊళ్లో, ఎవరి మధ్య తిరిగిందో చెప్పేది అదొక్కటే. క్యోటో నగరం 2006లో పాత బడి భవనంలో మాంగా (జపాన్ బొమ్మల కథల) మ్యూజియం తెరిచి వేల పుస్తకాలను పాఠకుల చేతికిచ్చింది. మన గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు అంత పెద్ద భవనం కోసం చూడనక్కర్లేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికినవి దొరికినట్టు కొని, ఆ స్టాంపులతో సహా స్కాన్ చేయించి, జాబితా వేస్తే చాలు. కాగితం ఇంకా నిలిచి ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.