కంచరికొట్టు తగవూ బాండు కాగితమూ

1874లో కలకత్తా హైకోర్టు ఒక చిన్న తగవు తీర్చింది. మాధవచంద్ర పరామాణిక్, రాజ్‌కుమార్ దాస్ ఇద్దరూ కంచరి వ్యాపారులు. నగరంలో ఒకే పేటలో కొట్లు. పోటీ వల్ల దాసు పక్షానికి బేరాలు తగ్గాయి. చివరికి వాళ్ళు పరామాణిక్‌తో రాజీకి వచ్చారు: నువ్వు ఈ పేటలో కొట్టు కట్టేసెయ్, నీ పనివాళ్ళకు నువ్వు ఇచ్చుకున్న అడ్వాన్సు సొమ్ము 900 రూపాయలూ మేం ఇచ్చేస్తాం. అతను కొట్టు కట్టేశాడు. వీళ్ళు డబ్బివ్వలేదు. కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు.

లా కాలేజీల్లో ఈ కేసు ఇప్పటికీ చెప్తారు. మనిషి తన న్యాయమైన వృత్తీ వ్యాపారమూ చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు అంటుంది మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను. ఆ సెక్షనుకు అర్థం తేల్చిన తొలి తీర్పుల్లో ఇదొకటి. కొట్టు కట్టేస్తానన్న ఒప్పందమే చెల్లనప్పుడు దాని కింద రావాల్సిన డబ్బు మాత్రం ఎలా చెల్లుతుంది?

నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. బహుశా అందువల్లే నా దృష్టి సెక్షను మీద కాకుండా ఆ 900 రూపాయల మీద పడింది. ఒక కంచరి తన కొట్టు మూసేస్తూ నాకు ఇంత ఇప్పించండి అని అడిగినప్పుడు లెక్కలోకి వచ్చింది ఇత్తడి కాదు, కొలిమి కాదు, పనివాళ్ళకు ముందుగా ఇచ్చిన డబ్బు.

ఆ రోజుల్లో చేతిపని చేయించుకోవాలంటే ముందు సొమ్ము పెట్టాల్సిందే. బెంగాలులో దాన్ని దాదనీ అనేవారు. ఇవ్వడం అని అర్థమున్న పారశీక మాట నుంచి వచ్చిందది. మన హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కూలీలను అక్కడ ఇవాళ్టికీ దాదన్ కూలీలనే అంటారు. ఆ పేరుతో ఒడిశా 1975లో ఒక చట్టమే చేసింది. మాట ఎంత దూరం నడిచిందో చూడండి. అడ్వాన్సు లేకపోతే పనివాడికి ఇల్లు గడవదు, అడ్వాన్సు ఇవ్వకపోతే యజమానికి పనివాడు దొరకడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ డబ్బు తీసుకున్నవాడు రేపు పక్క కొట్టుకు పోతే? దావా వేయొచ్చు. గెలవొచ్చు కూడా. గెలిచి అతని దగ్గర ఏం వసూలు చేస్తారు?

ఈ బాధతోనే కలకత్తా ట్రేడ్స్ అసోసియేషన్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. అది పెద్ద మిల్లుల సంఘం కాదు, నగరంలో కొట్లూ వర్క్‌షాపులూ నడుపుకునే యూరోపియన్ వ్యాపారుల సంఘం. ఫలితం, 1859 నాటి 13వ చట్టం: వర్క్‌మన్స్ బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్ యాక్ట్. అడ్వాన్సు తీసుకున్నవాడు పనికి రాకపోయినా, మధ్యలో మానేసినా యజమాని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళొచ్చు. డబ్బు తిరిగి కట్టించాలా, పని పూర్తి చేయించాలా అన్నది యజమాని ఇష్టం. మేజిస్ట్రేటు వేసిన ఆర్డరు పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మరి యజమాని మాట తప్పితే? ఈ చట్టంలో అతనికి జైలు లేదు.

మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం తర్వాత చాలా చోట్లకు పాకింది. అస్సాం టీ తోటల దొరలు దీన్ని బాగా వాడుకున్నారు. చిన్న కొట్లవాళ్ళు అడిగి చేయించుకున్న కత్తి పెద్ద తోటలవాళ్ళ చేతిలో పదునెక్కిందన్న మాట. పని ఒప్పందం తప్పిన కార్మికుణ్ణి జైల్లో పెట్టే పద్ధతికి ఇంగ్లండు 1875లో స్వస్తి చెప్పింది. మన దగ్గర ఈ చట్టాన్ని రద్దు చేసే చట్టం రావడానికి 1925 కావాల్సి వచ్చింది.

27వ సెక్షను పుట్టుక ఇంకో దారి. వృత్తి చేసుకోనివ్వని ఒప్పందాలంటే ఇంగ్లీషు కోర్టులకు మొదట్లో చెడ్డ కోపం. జాన్ డయ్యర్ అనే అతను ఆరు నెలల పాటు ఊళ్ళో తన వృత్తి చేయనని రాసిచ్చిన బాండు ఒకటి 1414లో కోర్టుకు వచ్చింది. ఆ బాండు రాయించుకున్నవాడు ఇక్కడుంటే జైల్లో తోయించేవాణ్ణని హల్ అనే జడ్జి ఒట్టు పెట్టి మరీ అన్నాడట. మూడొందల ఏళ్ళు గడిచేసరికి ఆ కోపం చల్లారింది. 1711లో లండన్‌లో ఒక రొట్టెల బట్టీ తగవు వచ్చింది. బట్టీ లీజు మరొకరికి ఇచ్చినవాడు, ఐదేళ్ళ పాటు ఆ పేటలో రొట్టెల వ్యాపారం చేయనని 50 పౌన్లకు బాండు రాసిచ్చాడు. ఈసారి కోర్టు చెల్లుతుంది అంది. కట్టడి ఒక కాలానికీ ఒక చోటుకీ పరిమితమై, సబబుగా ఉంటే తప్పులేదని అక్కణ్ణుంచి ఇంగ్లీషు పద్ధతి.

1872లో మన కాంట్రాక్టు చట్టం చేసినవాళ్ళు ఈ విషయంలో లండన్ వైపు చూడలేదు. న్యూయార్క్ లాయరు డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిపెట్టిన సివిల్ కోడ్ ముసాయిదాను తీసుకున్నారు. అందులో సబబు, బెసబబు గొడవ లేదు. కొద్ది మినహాయింపులు పోతే కట్టడి ఏదైనా చెల్లదు, అంతే. న్యూయార్క్ మాత్రం ఆ కోడును ఎప్పుడూ చట్టం చేసుకోలేదు! చేసుకున్నది కాలిఫోర్నియా, అదీ 1872లోనే. అంటే కంపెనీ మారే ఇంజినీరును ఆపడానికి వీల్లేని కాలిఫోర్నియా చట్టమూ మన 27వ సెక్షనూ ఒక తండ్రి బిడ్డలు, పైగా ఒకే ఏడు పుట్టాయి. సిలికాన్ వ్యాలీ ఎదగడానికి ఆ చట్టం ఒక కారణమని రొనాల్డ్ గిల్సన్ అనే ప్రొఫెసర్ 1999లో ఒక వ్యాసంలో వాదించాడు. రెండో బిడ్డ సంగతి మనవాళ్ళు అంతగా పట్టించుకున్నట్టు కనబడదు.

కంచరికొట్టు కేసులో ప్రధాన న్యాయమూర్తి కౌచ్‌కు ఎదురైన ప్రశ్న కూడా ఇదే: ఒక్క పేటకే పరిమితమైన చిన్న కట్టడి సబబే కదా? ఆయన పక్క సెక్షను చూశాడు. 28లో ‘పూర్తిగా’ అనే మాట ఉంది, 27లో లేదు. పూర్తి కట్టడినే వద్దనుకుని ఉంటే ఇక్కడా ఆ మాట రాసేవాళ్ళు కదా, కాబట్టి కొంచెం కట్టడి కూడా చెల్లదు అన్నాడు. స్పెక్‌లో ఒక పదం ఎందుకు లేదా అని తల బద్దలుకొట్టుకునే నాబోటివాడికి ఆ జడ్జి మీద అభిమానం కలగడంలో వింతేముంది?

ఇప్పుడు ఈ రెండు చట్టాలనూ 1874లో ఒక కొట్టు యజమాని కళ్ళతో చూడండి. నా దగ్గర మానేశాక పక్క కొట్టులో చేరకూడదు అని పనివాడి చేత రాయించుకుంటే ఆ కాగితం చెల్లదు. అదే పనివాడి చేతిలో పది రూపాయలు పెట్టి, ఇది అడ్వాన్సు, ఇన్నాళ్ళు పని చేస్తాను అని రాయించుకుంటే మేజిస్ట్రేటూ జైలూ మీ వెనక ఉన్నాయి. ఏ కాగితం రాయించుకుంటారు? మనిషిని వెళ్ళొద్దని కట్టలేం, బాకీతో మాత్రం కట్టొచ్చు. మన దేశంలో చిన్న యజమానులు ఈ పాఠం అప్పుడే నేర్చుకున్నారనీ, జైలు పోయినా పాఠం పోలేదనీ నా అనుమానం.

మన బాండునే చూడండి. నా మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. రెండేళ్ళలోపు మానేస్తే శిక్షణ ఖర్చు కింద లక్ష రూపాయలు కడతానని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు, డిగ్రీ ఒరిజినల్ కూడా వాళ్ళ బీరువాలోనే. ఆ శిక్షణ అంటే ఒక సీనియర్ పక్కన కూర్చుని మూడు వారాలు ఆయన స్క్రీన్ చూడటం. అయినా కాగితం మీద అది లక్ష రూపాయల అడ్వాన్సు. నా చేతికి రాని, నేను ఖర్చు పెట్టని అడ్వాన్సు. పోటీ కంపెనీలో చేరొద్దని అందులో ఎక్కడా లేదు. ఆ మాట రాస్తే చెల్లదని డ్రాఫ్టు రాసినాయనకు తెలిసే ఉంటుంది.

దీన్ని వెట్టితో పోల్చేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిర్వచనంలో దేశంలోని రకరకాల పేర్లు వరసగా ఉంటాయి. వాటిలో భగేలా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. తరాల తరబడి తీరని ఆ బాకీలకూ, ఏసీ గదిలో నేను పెట్టిన సంతకానికీ పోలిక తేవడం వాళ్ళను అవమానించడమే. కాకపోతే బాండు రాసే చెయ్యి పట్టుకున్న కలం కొత్తది కాదు, నేను చెప్పేది అంతే.

బాండు చెల్లుతుందా అంటే, కొంత. మనిషి చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని ఏ కోర్టూ ఆర్డరివ్వదు. కాగితం మీద ఎంత రాసుకున్నా, 74వ సెక్షను ప్రకారం అది గరిష్ఠం మాత్రమే, అందులో సబబైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. అయితే 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వ బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి మనిషిని తీసుకోవాలి, మధ్యలో పోతే ఆ ఖర్చంతా మళ్ళీ పెట్టాలి అన్నది ఒక కారణం. పక్కింటివాళ్ళబ్బాయిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టుకున్న పదిమంది ఆఫీసుకు ఈ కారణం ఎలా అతుకుతుందో నాకు అర్థం కాదు. కానీ ఆ తీర్పు తర్వాత బాండుల ధైర్యం పెరిగింది.

చిన్న యజమాని భయం అబద్ధమని నేననను. విజయవాడలో నా స్నేహితుడొకడికి డిజైన్ ఆఫీసుంది, తొమ్మిదిమంది. ఆరు నెలలు పని నేర్పిస్తే కుర్రాళ్ళు హైదరాబాదు పోతారు, ఒప్పుకున్న పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ వీడి నెత్తిన. మొన్న ఫోన్ చేసి, “ఒరేయ్, నీ పాత బాండు కాపీ ఉందా? పేర్లు మార్చి వాడుకుంటా” అన్నాడు.

కాపీ పంపలేదు, ఇద్దరం కూర్చుని వేరే కాగితం రాశాం. ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వడం యజమాని బాధ్యతగా పెట్టిన లేబర్ కోడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అది పదిమంది నుంచి మొదలవుతుంది, మావాడు ఒకరి తేడాతో బయట. “అయితే అక్కర్లేదుగా” అన్నాడు. షాపుల చట్టం గుర్తు చేశాను. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసెయ్యకూడదని 1947 నాటి మద్రాసు చట్టంలోనే ఉంది, మన 1988 చట్టంలోనూ ఉంది.

జీతం, వేళలు, సెలవులు రాశాం. బయట కోర్సుకు పంపి ఫీజు కడితే, రసీదు ఉన్నంత వరకే, అదీ నెలనెలా తగ్గిపోయేలా వసూలు అని రాశాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. ఆఖర్న నోటీసు దగ్గరికొచ్చాం. రెండు పక్కలా ఒక నెల అని టైపు చేశాను. వాడు కాసేపు స్క్రీన్ వైపు చూసి, “రెండు పక్కలా అని రాయాలంటావా?” అన్నాడు.